చైనా సారు గొంగళ్లు

ఆయన పోయాడన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. చిరాగ్‌పల్లి దగ్గర ఎక్కిన ఒక బట్టతల మనిషి నన్ను తేరిపార చూసి, "కుట్టు టీచరమ్మ గద మీరు" అన్నాడు. మా బడిలో చదివినవాడే. ముఖం గుర్తు రాలేదు గానీ వచ్చినట్టే తలూపాను. అవీ ఇవీ మాట్లాడుతూ, "చైనా సారు పోయిన్రంట గద, తెల్సా?" అన్నాడు. తెలియదు. ఎక్కడ పోయాడు, ఏమైంది అని అడిగితే అతనికీ తెలియదు. "మంచోడే గని జర తిక్కుండె" అని తేల్చేసి, జహీరాబాదు వచ్చేదాకా తన కొడుకు ఉద్యోగం గురించి చెప్పుకొచ్చాడు.

తిక్క అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. ఆ మనిషితో కొన్నేళ్లు ఒకే స్టాఫు రూములో కూర్చున్నదాన్ని. ఎవరిది తిక్కో నాకు బాగా తెలుసు. బస్సులో ఒక ముక్క, హోటల్లో ఒక ముక్క చెప్పుకుని నవ్వేవాళ్లు ఇంకా మిగిలే ఉన్నారు కాబట్టి, నేను చూసింది నేను రాసి పెడుతున్నాను.

ఆయన సోషల్ చెప్పేవాడు. పొట్టి మనిషి. మే నెల ఎండలో కూడా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. చంకలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. అది విప్పగా నేను చూడలేదు, వానలో కూడా చూడలేదు. దాంతో ఆయన దిక్కులు చూపించేవాడు. ఎవరింటికి వెళ్లినా, ఎక్కడ కూర్చున్నా ముందు ఉత్తరం ఎటో కనుక్కుని, గొడుగు అటు చాపి, అటే మొహం పెట్టి కూర్చునేవాడు. బస్టాండు హోటలువాడు ఆయన్ని చూడగానే చాయ్ కంటే ముందు "సారూ, ఉత్తరం గిటు" అని చెయ్యి చూపించేవాడు. ఆయనకు కోపం వచ్చేది కాదు. నీకైనా తెలిసింది సంతోషం, ఢిల్లీలో ఉన్నవాళ్లకు తెలియలేదు అని చాయ్ తాగేవాడు.

మధ్యాహ్నం స్టాఫు రూములో ఆయన డబ్బా విప్పితే జొన్నరొట్టె ఉండేది. దాన్ని మామూలుగా తినడం ఆయనకు చేతకాదు. ముందు పైనుంచి ఒక పెద్ద ముక్క విరిచి, ఇది టిబెట్ అనేవాడు. పక్కన చిన్న ముక్క లడఖ్. కింద మిగిలింది మనం. మధ్యలో వేలితో గీత గీసి, ఈ గీత మనం ఒక చోట గీస్తున్నాం, వాళ్లు ఒక చోట గీస్తున్నారు, రెండూ కలవవు, దీని గురించి ఎవడూ మాట్లాడడు అని మొదలుపెట్టేవాడు. లెక్కల సారు బీడీ తాగడానికి బయటికి పోయేవాడు. హిందీ పండితుడు కళ్లు మూసుకునేవాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే, అదీ చేతిలో అల్లిక ఉండేది కాబట్టి లేవడం కుదరక. చివరికి ఆయనే విసిగి, టిబెట్‌ను పప్పులో ముంచుకుని తినేసేవాడు.

గీతల సంగతి ఆయన పుస్తకాల్లోంచి తెచ్చింది కాదు. మా తాలూకా అంతకుముందు బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు మార్చినప్పుడు మమ్మల్ని తెచ్చి మెదకు జిల్లాలో కలిపారు. మాతో పాటు ఉన్న పల్లెలు కొన్ని అటు మైసూరులోనే ఉండిపోయాయి. ఆయన అక్కగారి ఊరు అటు పోయింది. ఇంటికీ ఇంటికీ మధ్య జొన్నచేలు తప్ప ఏమీ లేవు, అయినా రాష్ట్రం వేరు. "మనం పండుకోని లేసేసరికి గెట్టు జరిగింది టీచరమ్మా. ఊరు కదల్లే, మనిషి కదల్లే. ఆడ మంచుకొండల మీద మనుషులే లేరు. ఆడ జరిగితే ఎవడు చూస్తడు?" అని అడిగేవాడు. నేను అల్లికలో కుట్లు లెక్కపెట్టుకునేదాన్ని.

ఆ రోజుల్లో చైనాతో స్నేహం మహా జోరుగా ఉండేది. హెడ్మాస్టరుగారు కోస్తా నుంచి వచ్చినవారు, పద్ధతిగల మనిషి. రెండు దేశాల స్నేహం గురించి బడిలో సభ పెట్టించారు. పిల్లలకు కాగితం జెండాలు నా చేత చేయించారు, ఒక చేతికి మనది, ఒక చేతికి వాళ్లది. అందరూ అన్నదమ్ములమని నినాదాలు చెప్పారు. అంతా అయ్యాక సోషల్ సారు లేచి పిల్లల్ని ఒకటే అడిగాడు, ఆ దేశానికీ మనకూ మధ్య సరిహద్దు ఎక్కడుందో ఎవరైనా పటంలో చూపిస్తారా అని. ఒక్కరూ లేవలేదు. తర్వాత అదే ప్రశ్న వేదిక మీద ఉన్నవాళ్ల వైపు తిరిగి అడిగాడు. అక్కడా ఎవరూ లేవలేదు.

హెడ్మాస్టరుగారు ఆయన్ని గదిలోకి పిలిచి, మీకు శాంతి ఇష్టం లేదా అని అడిగారట. ఆయన చెప్పిన జవాబు ఊరంతా తిరిగింది. "దోస్తాన మంచిదే సార్. దోస్తుకు గూడ గెట్టు చూపియ్యాలె గద." ఆ రోజు నుంచి ఆయన చైనా సారు అయ్యాడు. చైనా గురించి జాగ్రత్త అన్న మనిషికి చైనా పేరే పెట్టారు, మా ఊరి తెలివి అట్లా ఉంటుంది.

టిబెట్ గురువు కొండలు దాటి మన దేశానికి వచ్చాడని పేపర్లో పడ్డ రోజు ఆయన రొట్టె విరవలేదు, డబ్బా మూసి పెట్టేశాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లు ఆయన కోపం ఒకే చోట తిరిగింది. సరిహద్దు మీద ముందుకు పోయి పోస్టులు పెట్టమని హుకుం ఇస్తున్నారు, అక్కడికి రోడ్డు లేదు, సామాను మోయడానికి కంచరగాడిదలు కూడా చాలవు, జవాను పిల్లలు పల్చటి బట్టలతో పోతున్నారు. మాట్లాడుకుని గీత తేల్చుకోండి, లేదా పంపేవాళ్లకు బూట్లు ఇచ్చి పంపండి, రెండూ చెయ్యకపోతే ఎట్లా అని ఆయన అడగని మనిషి లేడు. ఆయన్ని చూస్తే జనం రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్లు.

అరవై రెండులో యుద్ధం వచ్చింది. దీపావళి ముందు. అప్పుడు అందరికీ ఆయన గుర్తొచ్చాడు. రోడ్డు దాటిపోయినవాళ్లే ఎదురొచ్చి, ముందే చెప్పిన్రు సారూ, మీరే గెలిచిన్రు అన్నారు. ఒకాయన చెయ్యి కూడా కలపబోయాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకోలేదు. స్టాఫు రూముకు వచ్చి గొడుగు మూలకు విసిరి, గోడకు తిరిగి కూర్చున్నాడు. నేను గెలుచుడేంది అని ఒక్కసారి అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసింది ఆ ఒక్క రోజే.

వారంలో ఊళ్లో కమిటీ వేశారు. పప్పు మిల్లు సేటు అధ్యక్షుడు, హెడ్మాస్టరుగారు కార్యదర్శి. జవాన్లకు వెచ్చటి బట్టలు పంపాలని తీర్మానం. హైదరాబాదు నుంచి ఊలు ఉండలు వచ్చాయి, ఎర్రవీ ఆకుపచ్చవీ. ఊరి ఆడవాళ్లందరికీ స్వెట్టరు అల్లిక నేర్పమని నాకు హుకుం. మిషన్ హాస్టల్లో చదివినదాన్ని కాబట్టి నాకు సూదులు పట్టుకోవడం వచ్చు. కానీ జీవితంలో స్వెట్టరు తొడుక్కోని ఊరికి స్వెట్టరు నేర్పడం ఎట్లా ఉంటుందో నన్నడగండి. ఒకావిడ అల్లినదాంట్లో తల దూరలేదు. ఒకావిడది ఒక చెయ్యి మోచేతిదాకా, ఒక చెయ్యి మోకాలిదాకా వచ్చింది. నేను అరుస్తుంటే సారు గుమ్మంలో నిలబడి చూశాడు. మీరు ఒక్క చెయ్యి ముగించేసరికి చైనావాడు అస్సాంలో తేజ్‌పూర్ దాటుతాడు అన్నాడు. నాకు మండుకొచ్చింది. అయితే మీరేం చేస్తారో చెప్పండి అన్నాను.

ఆయన చెప్పింది గొంగళ్ల గురించి. ఝరాసంగం వైపు గొర్రెలు కాచే కురుమల పల్లెల్లో నేసిన గొంగళ్లు సిద్ధంగా ఉంటాయి. నల్లగొర్రె బొచ్చు, చింతగింజల గంజి పట్టించి నేస్తారు, వాన పడితే జారిపోతుంది, మంచులో మనిషి బతుకుతాడు. రేపు అడిగితే ఎల్లుండి రైలెక్కించవచ్చు. హెడ్మాస్టరుగారు ముక్కు చిట్లించి, అవి వాసన వస్తాయి కదండీ అన్నారు. చలి వాసన చూడదు సార్ అని ఈయన బండి కట్టించాడు. ఆడవాళ్లతో మాట్లాడడానికి ఒక ఆడమనిషి ఉంటే నయమని నన్ను కూడా ఎక్కించాడు.

ఆ పల్లెల్లో ఆయన చైనా గురించి ఏమీ చెప్పలేదు. రొట్టె కూడా విరవలేదు. మన పిల్లలు చలికొండల మీద ఉన్నారు, దేశం అడుగుతున్నది అన్నాడు, అంతే. వాళ్లు ఇళ్లల్లోకి పోయారు. కొత్తవి మడతల్లోంచి తీసి ఇచ్చారు. లేనివాళ్లు కప్పుకున్నవి ఇచ్చారు. ఒక ముసలాయన భుజం మీది గొంగడి తీసి, దులిపి, మడత పెట్టి సారు చేతుల్లో పెట్టాడు.

"ఎవలు కప్పుకున్నా మంచిదే సారూ. గని కప్పుకోవాలె. ఊకె పెడ్తే పురుగు కొడ్తది" అన్నాడు.

"ఈ వారంలనే పోతయి. నా మాట" అన్నాడు సారు.

వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఒకసారి చేతిలో పెట్టిన గొంగడిని తిరిగి తీసుకోరు. తీసుకుంటే కులంలో తలెత్తుకోలేరు. అప్పటికే ఎరువు కోసం పొలాల్లో మంద పెట్టే రోజులు వచ్చేశాయి, గొర్రెల పక్కనే బయట పడుకుంటారు. మా వైపు చలి సంగతి ఈ జిల్లా మొత్తానికీ తెలుసు. అది తెలిసే ఇచ్చారు, తెలిసే ఈయన తీసుకున్నాడు. అందుకే ఆ మాట ఆయన మెడకు చుట్టుకుంది.

గొంగళ్లు వచ్చి సేటు గోదాంలో పడ్డాయి. పంపడానికి మాత్రం కమిటీకి తొందర లేదు. హైదరాబాదు నుంచి మంత్రి ఒకాయన వస్తాడట, ఆయన చేతుల మీదుగా పంపితే ఊరికి పేరట. దండలూ, ఫోటోగ్రాఫరూ, స్వాగత గీతం. స్వెట్టర్లు కూడా పూర్తయితే అన్నీ ఒకేసారి పంపవచ్చు కదండీ అని హెడ్మాస్టరుగారు. సారు రోజూ పోయి మొత్తుకునేవాడు. స్టేషనుకు పోయి అడిగితే కమిటీ కాగితం ఉంటే తప్ప ఎక్కించం అన్నారు. కమిటీ దగ్గరికి వస్తే మంత్రిగారి ప్రోగ్రాం ఇంకా ఖాయం కాలేదన్నారు. ఆ తిరుగుడంతా నేను కళ్లారా చూశాను. అక్కడ సరిహద్దులో బొమ్డిలా చైనావాళ్ల చేతికి పోయింది. ఇక్కడ దండలకు ఎవరు బయానా ఇవ్వాలో తేలలేదు.

ఒక పొద్దున హోటలు రేడియోలో చైనావాళ్లు కాల్పులు ఆపేశారని, వెనక్కి పోతున్నారని చెప్పారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. మంత్రి ప్రోగ్రాం రద్దయింది. సేటు గోదాంలో గొంగళ్ల పక్కన బెల్లం బస్తాలు దించుకున్నాడు.

అప్పుడు ఆయన ఝరాసంగం వైపు మళ్లీ పోతానన్నాడు. ఎందుకన్నాను. చెప్పాలి కదా అన్నాడు. పోకండి, అడిగితే అందాయని చెబుదాం, ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు నేను బండెక్కి కూర్చున్నాను.

ముసలాయన కోసేసిన చేలో మంద దగ్గర ఉన్నాడు. ఆయనా భార్యా గోనెసంచులు విప్పి కుట్టుకున్న దుప్పటి కప్పుకుని ఉన్నారు. ఆమె దగ్గుతోంది. మమ్మల్ని చూసి ఆయన నవ్వుతూ లేచాడు. మా గొంగళ్లు కప్పుకున్న పిల్లలు బాగున్నారా అని అడిగాడు. సారు నిలబడే చెప్పాడు, గొంగళ్లు పోలేదని, గోదాంలోనే ఉన్నాయని, తన మాట తప్పిందని. ముసలాయనకు కోపం రాలేదు. గొర్రెల వైపు తిరిగాడు. ఎవరూ కప్పుకోలేదా అని ఒక్కటే అడిగాడు. లేదన్నాడు సారు. తెచ్చి ఇస్తానంటే ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఇచ్చింది మళ్లీ తీసుకుంటే మందిలో మాట వస్తుందన్నాడు. వెనక ఆమె దగ్గు ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నాకు భయం వేసింది. ఆయన మాట్లాడుతూ ఉంటేనే మాకు అలవాటు.

మర్నాడు ఇంటర్వెల్‌లో ఆయన బడిగంట కొట్టే ఇనుప కడ్డీ తీసుకుని బయటికి నడిచాడు. చప్రాసీ వెంట పరుగెత్తాడు, వాడి వెనక నేను. పట్టపగలు, హమాలీలు చూస్తుండగా, సేటు గోదాం తాళం బద్దలు కొట్టాడు. రెండు దెబ్బలకు ఊడింది. లోపల అడుగున ఉన్న గొంగళ్లను ఎలుకలు కొరికేశాయి. గంజి వాసనకు వచ్చాయి, పక్కనే బెల్లం, ఇంకేం కావాలి. సారు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు, చిల్లుల్లోంచి వీధి కనిపిస్తోంది.

నేను బడికి పోయి ఊలు ఉండలు తెచ్చాను. స్వెట్టర్ల కోసం వచ్చినవే, ఎర్రవీ ఆకుపచ్చవీ. ఆ రోజు ఇక క్లాసులు జరగలేదు. మా అమ్మాయిలూ నేనూ గోదాం అరుగు మీద కూర్చుని నల్ల గొంగళ్లకు రంగుల మాట్లు వేశాం. చూడ్డానికి ఘోరంగా ఉన్నాయి. కానీ చలి ఆగుతుంది. ఈసారి పల్లెల్లో సారు ఒక్కటే మాట చెప్పాడు, ఇవి నేను వాపసు ఇవ్వడం లేదు, చలిలో ఉన్నవాళ్లకు దేశం ఇస్తున్నది, తీసుకోండి అని. ముసలాయన అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్రమాటు మీద చెయ్యి వేసి, పోయి భార్యకు కప్పాడు.

రక్షణ నిధి సొత్తు దొంగతనం చేశాడని సేటు ఫిర్యాదు పెట్టాడు. విచారణ జరిగింది, కొద్ది రోజులకే ఆయన్ని ఆదిలాబాదు వైపు బదిలీ చేశారు. అరవై ఐదులో మళ్లీ యుద్ధం వచ్చింది, ఈసారి పాకిస్తానుతో. మళ్లీ అదే కమిటీ, అదే సేటు. ఝరాసంగం వైపు గొంగళ్లు అడగడానికి పోయినవాళ్లు వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఆ సారు వస్తే ఇస్తామన్నారట. ఆ సారును ఊరు దాటించింది మీరే కదా అని నేను హెడ్మాస్టరుగారి మొహం మీదే అన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు.

విచారణ రోజు సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. పై నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. బడి హాల్లో బల్ల వేశారు. సారు ఒక పక్కన నిలబడ్డాడు. నా వాంగ్మూలం రెండు ముక్కల్లో తీసుకుని కూర్చోమన్నారు. తర్వాత ముసలాయన్ని పిలిచారు. ఆయన మాట్లు వేసిన ఆ గొంగడే కప్పుకుని వచ్చాడు. దేశానికి ఇచ్చానంటే సారు దొంగ అవుతాడు. సారుకు చేబదులుగా ఇచ్చానంటే సారు బతికిపోతాడు, కానీ ఇచ్చి తీసుకున్నవాడని ముసలాయన తన కులంలో తలదించుకోవాలి. ఏం చెప్పమని సారు ఆయనకు ముందుగా చెప్పలేదు. నేను చెప్పమంటే తిట్టాడు.

"ఈ గొంగడి నువ్వు ఎవరికిచ్చావయ్యా?" అని అడిగాడు ఆఫీసరు.

"దేశానికిచ్చిన దొరా."

"మరి నీ ఒంటి మీదకెట్లా వచ్చింది? ఎవరిచ్చారు?"

"దేశమే ఇచ్చింది."

ఆఫీసరు విసుక్కున్నాడు. "దేశం ఇవ్వడమేంటి? ఇచ్చింది ఈయన కదా. సరిగ్గా చెప్పు."

ముసలాయన సారు వైపు చూశాడు, మళ్లీ బల్ల వైపు తిరిగాడు. నిదానంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"అడగనొచ్చింది ఈ సారే దొరా. దేశం అడుగుతున్నదన్నడు, ఇచ్చిన. తెచ్చింది గూడ ఈ సారే. దేశం ఇస్తున్నదన్నడు, తీసుకున్న. మా దిక్కు దేశం అని చెప్పుకుంట వచ్చింది ఈయనొక్కడే. ఇంకెవలు రాలే."

సారు తల వంచుకున్నాడు. ఆఫీసరు కలం పట్టుకుని, సాక్షికి ప్రశ్న అర్థం కాలేదు అని రాసుకున్నాడు.